సంగీతకారుడి జీవితం మీద సినిమా: మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో మేం కొంతమందిమి నెలకోసారి ఒకచోట చేరి సినిమా చూసి, దాని గురించి మాట్లాడుకుంటాం. ఈ మధ్య వరసగా సంగీతకారుల బయోపిక్‌లే వేశాం. వచ్చేవాళ్లలో సగం మంది షార్ట్ ఫిల్మ్‌లు తీసే పిల్లలు, మిగతావాళ్లు కచేరీలకు అలవాటుపడ్డ పెద్దవాళ్లు. అనంతపురం, కర్నూలు నుంచి కూడా వస్తున్నారు. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులు ఇలా రాసి పెడుతున్నాను. అభిప్రాయాలు నావి. మాలోనే ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, వాళ్లతో వాదన ఇంకా నడుస్తోంది.

పాటలు ముందే హిట్ కదా, సినిమా దానంతటదే ఆడదా?

ఆడదు. ఆ పాటలు జనం ఫోన్లో పైసా ఖర్చు లేకుండా వింటున్నారు. టికెట్ కొని వచ్చి మళ్లీ అవే వినాలంటే ఏదో కారణం ఉండాలి. సినిమా చూసి ఇంటికెళ్లాక అదే పాట పెట్టుకుంటే అది ఇంకోలా వినబడాలి. అప్పటిదాకా పట్టించుకోని ఒక మాట దగ్గర ఆగిపోవాలి. బయోపిక్ కుదిరిందా లేదా అని తేల్చడానికి నా దగ్గర ఉన్న పరీక్ష ఇదొక్కటే. ఫొటోగ్రఫీ, సెట్లు, మేకప్ అన్నీ దీని తర్వాతే.

చాలా సినిమాలు ఈ పరీక్షలో ఎందుకు పోతాయంటే, వాటిల్లో జీవితం ఒక దారిన, పాట ఇంకో దారిన పోతుంటాయి. పది నిమిషాలు గొడవ, ఐదు నిమిషాలు పాట, మళ్లీ గొడవ. పాట తీసేసినా కథకు ఏ నష్టమూ ఉండదు. అలాంటప్పుడు ఆయన సంగీతకారుడు కాకపోయినా, బట్టల వ్యాపారి అయినా అదే సినిమా తీయొచ్చు.

పుట్టినప్పటి నుంచి పోయేదాకా చెప్పాలా?

అక్కర్లేదు. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయాడని అంటారు, అంటే 95 ఏళ్లు. త్యాగరాజు 1767 నుంచి 1847 దాకా 80 ఏళ్లు బతికాడు. రెండున్నర గంటల్లో ఇంత జీవితం కుక్కితే ఒక్కో ఏడాదికి రెండు నిమిషాలు కూడా రావు. అప్పుడు ఏం చేస్తారు? మాంటేజ్. పేపర్ కటింగులు, చప్పట్లు, తెల్లబడుతున్న విగ్గు, స్క్రీన్ మీద సంవత్సరాలు. మా దగ్గర వేసినప్పుడు జనం ఫోన్లు తీసేది సరిగ్గా అక్కడే.

అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్ మీద 2024లో వచ్చిన సినిమా 1961లో ఆయన న్యూయార్క్ చేరడంతో మొదలై 1965లో ఒక జానపద సంగీతోత్సవంలో ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకోవడం దగ్గర ముగుస్తుంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆయన చేసినదంతా వదిలేశారు. అలా వదిలేశారు కాబట్టే ఒక ప్రశ్న గట్టిగా నిలబడింది: నిన్ను నెత్తిన పెట్టుకున్నవాళ్లు కోరే పాటే పాడాలా, నీకు పాడాలనిపించింది పాడాలా?

త్యాగరాజునే తీసుకోండి. తంజావూరు రాజు కానుకలు పంపితే వద్దన్నాడని మనవాళ్లందరికీ తెలిసిన కథ. దాన్ని ఒక సీనుగా తీసి దాటేస్తారు. ఆ కానుకలు గుమ్మంలోకి వచ్చిన పూట నుంచి వెనక్కి వెళ్లేదాకా జరిగిందే మొత్తం సినిమా ఎందుకు కాకూడదు? ఇంట్లో బియ్యం ఉన్నాయా, అన్నకి ఏం చెప్పాలి, శిష్యులు ఏమనుకుంటారు, ఆ రాత్రి ఆయన నోట ఏ రాగం వచ్చింది. నాకైతే ఇది చాలు.

పాట పుట్టే సీన్ ఎలా తీయాలి?

ఇదే అసలైన ప్రశ్న. మామూలుగా ఏం చేస్తారో మీకు తెలుసు. హీరో కిటికీలోంచి వాన చూస్తాడు, కళ్లు మూస్తాడు, వెంటనే నలభై వయొలిన్లతో, కోరస్‌తో, పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా పాట తయారు. ఇంత తేలికైన పని మీద సినిమా తీయడం దేనికి?

పాశ్చాత్య సంగీతకారుడు మొజార్ట్ మీద 1984లో వచ్చిన సినిమాలో చివర ఒక సీన్ ఉంది. మంచాన పడ్డ మొజార్ట్ తన ఆఖరి రచన చెబుతుంటే పోటీదారు సాలియెరీ రాస్తుంటాడు. ముందు మగవాళ్ల మంద్రపు గొంతు ఒక్కటే వినిపిస్తుంది. దాని మీద ఇంకో గొంతు చేరుతుంది. తర్వాత బూరలు, డ్రమ్ములు, చివరికి తీగల వాద్యాలు. ఒక్కోటి విడివిడిగా మన చెవిన పడుతుంది. సాలియెరీకి ఒకచోట అర్థం కాదు, ఆగమంటాడు. మొజార్ట్ విసుక్కుంటాడు. అంతా అయ్యాక అన్నీ కలిపి ఒక్కసారి వినిపిస్తారు. పాశ్చాత్య సంగీతంలో ఓనమాలు రానివాడికి కూడా ఆ నిమిషంలో లోపలేం జరుగుతోందో తెలుస్తుంది. కథ పరంగా అది పచ్చి కల్పన. 1791లో మొజార్ట్ పోయేనాటికి ఆ రచన సగంలో ఉంది, దాన్ని పూర్తి చేసింది జ్యూస్‌మయర్ అనే ఇంకొకాయన. సాలియెరీ అక్కడ లేనే లేడు. అయినా పాట ఎలా కడతారన్న సంగతి దాచకుండా చూపించింది కాబట్టి ఆ సీన్ నిలిచింది.

మన సంగీతంలో దీనికి ఇంకా వీలుంది. ఒకే పల్లవిని సంగతి మీద సంగతి వేసుకుంటూ పెంచుతారు. సంగతి అంటే అదే మాటను కొంచెం మార్చి పాడే తీరు. మొదటి సంగతి సాదాగా ఉంటుంది, మూడోదానికి ఒక మాట మీద బరువు పడుతుంది, ఐదోదానికి అర్థమే మారుతుంది. ఇది కెమెరా ముందు జరగనివ్వండి. తప్పు రానివ్వండి. పక్కన కూర్చున్న శిష్యుడు తాళం వేస్తూ ఎక్కడ తడబడ్డాడో చూపించండి. ఆరు నిమిషాలు పట్టినా ఎవరూ లేచి పోరు. జనం లేచేది పాట నిడివి వల్ల కాదు, పాటలో ఏమీ జరగకపోవడం వల్ల.

నటుడే పాడాలా? ప్లేబ్యాక్ పెడితే తప్పా?

తప్పేం లేదు. 1946లో చిత్తూరు నాగయ్య గారు త్యాగయ్యగా నటించి, దర్శకత్వం చేసి, పాటలూ ఆయనే పాడుకున్నారు. ఆ రోజుల్లో పాట రాని నటుడికి పని దొరకడమే కష్టం. అమెరికన్ గాయకుడు జానీ క్యాష్ మీద 2005లో వచ్చిన సినిమాలో హోకిన్ ఫీనిక్స్ సొంతంగా పాడాడు. పంజాబీ గాయకుడు చమ్‌కీలా మీద 2024లో వచ్చిన సినిమాలోనూ నటులే పాడారు. ఇటువైపు చూస్తే, ఫ్రెంచి గాయని ఎడిత్ పియాఫ్‌గా నటించిన మారియన్ కోటియార్ చాలా పాటలకు పెదవులు కదిపింది, ఆస్కార్ కూడా తెచ్చుకుంది. క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ సినిమాలోనైతే అసలు గాయకుడి గొంతు, ఇంకో గాయకుడి గొంతు, నటుడి గొంతు కలిపి వాడారు.

కాబట్టి గొంతు ఎవరిదన్నది పెద్ద విషయం కాదు. పై షడ్జం, అంటే పై ‘స’ అందుకునే ముందు మనిషి ఊపిరి తీసుకుంటాడు, భుజం లేస్తుంది, మెడ బిగుస్తుంది. తెర మీద అది కనబడకపోతే గొంతు ఎంత బాగున్నా ఎక్కడో రికార్డింగ్ థియేటర్‌లో ఉన్నట్టే ఉంటుంది.

చేతుల సంగతి ఇంకా ఘోరం. ఆది తాళం అంటే ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ల లెక్క, తర్వాత రెండుసార్లు దెబ్బా విసురూ. మొత్తం ఎనిమిది. ఇది నేర్చుకోవడానికి ఒక పూట చాలు. మన హీరోలు మాత్రం తొడ మీద బాదుకుంటూ పోతారు. తంబూరా అయితే మరీ అన్యాయం, గిటార్ వాయించినట్టు తాళానికి మీటుతుంటారు. తంబూరాకీ తాళానికీ సంబంధమే లేదు. మధ్య వేలితో మొదటి తీగ, చూపుడు వేలితో మిగతా మూడు, పాట ఏ వేగంలో పోతున్నా ఆ మీటు మాత్రం ఒకే నెమ్మది మీద సాగుతుంది. మా షోకి వచ్చే సంగీతం టీచర్లు ఇక్కడే తల పట్టుకుంటారు. పియానో వాయిస్తూ పాడే రే చార్లెస్ పాత్ర వేసిన జేమీ ఫాక్స్‌కి చిన్నప్పటి నుంచి పియానో వచ్చు. అందుకే ఆ సినిమాలో కెమెరా భయపడకుండా ముఖం నుంచి వేళ్ల మీదికి వెళ్లగలిగింది.

నిజాన్ని ఎంతవరకు మార్చొచ్చు?

రెండు సంఘటనలు కలిపేయొచ్చు, నలుగురు స్నేహితుల్ని ఒకరిని చేయొచ్చు, ఎవరూ వినని మాటల్ని ఊహించి రాయొచ్చు. కానీ ఆయన ఏ కారణంతో పాడాడో దాన్ని మారుస్తే అది వేరే మనిషి కథ అయిపోతుంది.

ఫ్రెడ్డీ మెర్క్యురీ సినిమా (2018) మీద మా దగ్గర పెద్ద గొడవే అయింది. 1985లో జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీకి ముందే తనకు ఎయిడ్స్ ఉందని ఆయన బ్యాండ్ వాళ్లకు చెప్పినట్టు చూపించారు. ఆయనకు జబ్బు ఉన్నట్టు తేలింది 1987లో అని సాధారణంగా చెబుతారు. రెండేళ్లు ముందుకు జరపడంతో ఆ చివరి కచేరీ కళ్లనీళ్లు పెట్టిస్తుంది, నిజమే. కానీ ఆ రోజు ఆయన అంత బాగా పాడడానికి కారణం చావు భయం అన్నట్టు అయింది. మనిషి ఆరోగ్యంగా, సంతోషంగా ఉండి కూడా అంత బాగా పాడగలడని వాళ్లకు నమ్మకం కుదరలేదేమో. నాకు నచ్చని మార్పు ఇది. మొజార్ట్ సినిమాలో కల్పన ఇంతకన్నా ఎక్కువే, అయినా నేను ఒప్పుకుంటాను. ఎందుకంటే అది ఒక ముసలివాడు అసూయతో చెప్పుకునే కథ అని మొదట్లోనే తెలిసిపోతుంది.

అన్నమయ్య లాంటి వాగ్గేయకారుల (పాట రాసి, బాణీ కట్టి పాడేవాళ్ల) కథలో మహిమల్ని ఏం చేయాలి?

తీసేయమని కొందరు, తీసేస్తే ఊరుకునేది లేదని కొందరు. మనది తాళ్లపాకకు దగ్గరి ఊరు, దేవుని కడప గుళ్లో కొలువున్న స్వామి మీద కూడా ఆయన పాడాడు. కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడ కాస్త వేడిగానే ఉంటుంది.

అన్నమయ్య జీవితం గురించి మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్రలోనే ఉంది. మహిమలు అందులోనే ఉన్నాయి. వాటిని పీకేస్తే మిగిలే కథ చాలా సన్నం. ఉంచండి, కానీ పాటను మింగనివ్వకండి. సాళువ నరసింగరాయలు తన మీద పాడమంటే అన్నమయ్య ఒప్పుకోక సంకెళ్లలో పడ్డ ఘట్టం చూడండి. గ్రాఫిక్స్‌లో గొలుసులు తెగి పడుతుంటే కింద పాట నేపథ్య సంగీతం అయిపోతుంది. సంకెళ్లలో ఉన్న మనిషి ఏం పాడుతున్నాడు, ఎవరిని ఉద్దేశించి పాడుతున్నాడు, నిన్నటి దాకా స్నేహితుడైన రాజు మీద కోపం ఆ గొంతులో ఉందా లేదా, ఇది వినబడాలి. పాట అయ్యాక గొలుసు తెగనివ్వండి. నమ్మేవాళ్లకి మహిమ దొరుకుతుంది, నమ్మనివాళ్లకి మనిషి దొరుకుతాడు.

1997లో వచ్చిన సినిమా అన్నమయ్యను ఇంటింటికీ చేర్చింది, అది చిన్న పని కాదు. కీరవాణికి జాతీయ అవార్డు వచ్చింది. చివర్లో ‘అంతర్యామి’ కీర్తన వచ్చేచోట పాటకు పూర్తిగా చోటు ఇచ్చారు. మొదటి సగంలో మరదళ్ల పాటలు ఎక్కువయ్యాయని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు, నేనూ అంటాను. రాజంపేట దగ్గర రోడ్డు పక్కన 108 అడుగుల విగ్రహం ఎలాగూ ఉంది. మళ్లీ సినిమా తీసేవాళ్లు ఇంకో విగ్రహం కట్టకుండా ఉంటే బాగుంటుంది.

ఆ సినిమాల్లో వినే బాణీలు అన్నమయ్య కట్టినవేనా?

కావు. 1922 ప్రాంతంలో తిరుమల గుడి నుంచి బయటికొచ్చిన రాగి రేకుల మీద 12 వేలకు పైగా సంకీర్తనలు దొరికాయి. వాటి మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. అంటే ఏ రాగమో తెలుసు, ఎలా పాడేవారో తెలియదు. మనం వినేవన్నీ ఇరవయ్యో శతాబ్దంలోనూ ఆ తర్వాతా కట్టిన బాణీలు.

ఆ పని మొదట్లోనే నెత్తికెత్తుకున్నవారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఒకరు. అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టి, మైసూరులో ఏళ్ల తరబడి తెలుగు పాఠం చెప్పి, తర్వాత తిరుపతి చేరి ఈ కీర్తనలకు స్వరం కూర్చారు. 1974లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు, 1979లో పోయారు. నిజం చెప్పాలంటే అన్నమయ్య మీద మరో సినిమా కన్నా ఈయన మీద సినిమా చూడాలని ఉంది నాకు. బల్ల మీద రాగి రేకు, దాని మీద ఒక రాగం పేరు, నాలుగైదు వందల ఏళ్లుగా ఎవరూ పాడని ఒక పల్లవి. ఈ మాట సాగదీయాలా, తుంచాలా? ఇక్కడ ఎత్తుకుంటే అర్థం చెడుతుందా? ఒకాయన తప్పు వెతుక్కుంటూ, దిద్దుకుంటూ పాటను మళ్లీ బతికించే కథ ఇది. పైన చెప్పిన పాట పుట్టే సీన్ ఏదో ఒక చోట ఇరికించాల్సిన పని లేదు, సినిమా అంతా అదే.

గొడవలూ పతనమూ లేని జీవితం మీద సినిమా ఆడుతుందా?

తాగుడు, విడాకులు, అప్పులు ఉంటేనే బయోపిక్ అనుకునే రోజులివి. కర్నూల్లో డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారు ఉండేవారు. వైద్య కళాశాలలో ప్రొఫెసర్, రోగులకు డాక్టర్, సంగీతంలో గురువులకు గురువు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ లాంటివాళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నారు. 1984లో పద్మభూషణ్ వచ్చింది. 2013లో 99 ఏళ్ల వయసులో కర్నూల్లోనే కన్నుమూశారు.

ఇందులో విలన్ లేడు, ఇంటర్వెల్ బ్యాంగ్ లేదు. కానీ గురువు ఒక గమకం (స్వరాన్ని ఊపి పలికే తీరు) పాడి చూపిస్తే, అంతకన్నా మంచి గొంతున్న శిష్యుడు దాన్ని పట్టుకోలేకపోతే, ఆ గదిలో ఉండే టెన్షన్ తక్కువేం కాదు. పాడేవాడికన్నా నేర్పేవాడి పేరు జనానికి తక్కువ తెలుస్తుంది, అది ఆయనకు బాధా కాదా? ఇలాంటివి అడిగే రైటర్ దొరకాలి.

తాగుడు, చెడ్డ గుణాలు చూపిస్తే పరువు పోదా?

పాటకు సంబంధం ఉంటే చూపించండి, లేకపోతే వద్దు. చమ్‌కీలా పాటలు బూతులని ఊళ్లో తిట్టారు, అదే ఊరు పెళ్లికి పిలిచి పాడించుకుంది. 1988లో ఆయన్నీ భార్యనూ కాల్చి చంపారు. ఆ సినిమా ఆయన్ని కడిగి ముత్యంలా చూపించే పని పెట్టుకోలేదు.

ఇంట్లో ఆడవాళ్లకు కథలో చోటెందుకు ఉండదు?

గుమ్మం దగ్గర నిలబడి కళ్లు తుడుచుకోవడం తప్ప వేరే పని ఇవ్వరు కాబట్టి. అన్నమయ్య భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది, తెలుగులో తొలి కవయిత్రి అని చాలామంది లెక్క. ఇద్దరు కవులున్న ఇంట్లో ఒకరి పాట మీద ఇంకొకరు ఏమనేవారో ఏ సినిమా అడగలేదు.

ఇంకో దారి గాయని బెంగుళూరు నాగరత్నమ్మ. పాతకాలపు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యాన్ని 1910లో అచ్చు వేయించి ప్రభుత్వంతో నిషేధం తెచ్చుకుంది. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి పాడుబడి ఉంటే తన సంపాదన పోసి గుడి కట్టించింది. అదే చోట ఆయన పేరుతో ఏటా జరిగే ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వకపోతే పట్టుబట్టి పాడించింది. త్యాగరాజు కథ ఈమె వైపు నుంచి చెబితే ఎప్పటి కథో అనిపించదు.

కుటుంబం అనుమతి, పాటల హక్కులు తప్పనిసరా?

లాయర్‌ని అడగాల్సిన విషయం, నేను స్థూలంగా చెబుతాను. 1994లో ఆటో శంకర్ అనే ఖైదీ ఆత్మకథ అచ్చు వేయడం మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు, పబ్లిక్ రికార్డుల్లో ఉన్న విషయాలు రాయడానికి అనుమతి అక్కర్లేదని చెప్పింది. అంతకు మించి సొంత విషయాల్లోకి వెళితే చిక్కులే. కుటుంబం ఒప్పుకుంటే ఉత్తరాలు, ఫొటోలు, జ్ఞాపకాలు దొరుకుతాయి. దాంతో పాటు ‘మా నాన్న ఎప్పుడూ కోప్పడలేదు’ అనే షరతు కూడా దొరుకుతుంది.

పాట విషయంలో మూడు హక్కులు వేరువేరు. సాహిత్యం, బాణీ అయితే రాసినవారు, కట్టినవారు పోయాక 60 ఏళ్లు. రికార్డింగ్ అయితే విడుదలయ్యాక 60 ఏళ్లు. 1960లో విడుదలైన రికార్డు గడువు తీరిపోయినా, ఆ పాట రాసినాయన తర్వాత చాలాకాలం బతికి ఉంటే మాటల హక్కు ఇంకా ఉంటుంది. అన్నమయ్య మాటలు ఎవరైనా వాడుకోవచ్చు, ఆయన పాటకు నిన్నమొన్న కట్టిన బాణీ మాత్రం అడిగే వాడాలి. షూటింగ్ అయ్యాక కాదు, స్క్రిప్ట్ దశలోనే.

డైలాగులు సీమ యాసలో ఉండాలా?

సీమ మనిషైతే ఉండాలి. మన యాస వినబడగానే వేటకొడవలి గుర్తొచ్చేలా సినిమాలు అలవాటు చేశాయి. ‘యాడికి పోతాండావప్పా’ అన్న నోటితోనే కల్యాణి రాగం కూడా వస్తుంది, అది ఒక్కసారైనా తెర మీద వినాలని ఉంది.

మాకు బడ్జెట్ లేదు. మా ఊరి కళాకారుడి మీద ఫోన్‌తో తీయొచ్చా?

తీయొచ్చు, తీయాలి కూడా. అనంతపురం వైపు ఉరుము అనే డోలు వాయించే ఉరుముల వాళ్లున్నారు, నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి, ప్రతి ఊళ్లోనూ చెక్కభజన గురువులున్నారు. గూగూడు పీర్ల పండక్కి ఒక్కసారి వెళ్లి రండి, కథలు వాటంతటవే కనబడతాయి.

డబ్బులుంటే కెమెరా మీద కాకుండా సౌండ్ మీద పెట్టండి. ఉరుము దెబ్బకు ఫోన్ మైకు చిట్లిపోతుంది, విడిగా రికార్డర్ పెట్టి లెవెల్ బాగా తగ్గించండి. ఒక మైకు వాద్యానికి దూరంగా, ఇంకోటి పాడేవాడికి దగ్గరగా. ఒక్క పాటైనా మొదటి నుంచి చివరిదాకా కట్ లేకుండా తీయండి. తర్వాత స్టూడియోలో పాడించి అతికించొద్దు. ఇంటర్వ్యూలో ‘మీకు ఈ కళ ఎలా అబ్బింది’ అని అడిగితే అందరూ చెప్పిందే చెబుతారు. ‘ఈ పాటలో మీకు కష్టమైన చోటు ఏది, పాడి చూపిస్తారా’ అని అడగండి. ఆయన రోజు కూలి పోగొట్టుకొని మీకు వాయిస్తుంటాడు, డబ్బులివ్వండి, పేరు టైటిల్స్‌లో పెద్దగా వేయండి. మొదటి షో ఆ ఊళ్లోనే పెట్టండి. ఎడిటింగ్‌లో ఎక్కడైనా తాళం తప్పి ఉంటే చిన్న పిల్లలు కూడా చెప్పేస్తారు.

మా స్క్రిప్ట్ మీరు చదువుతారా?

చదువుతాం. పది పేజీలు దాటకుండా తీసుకురండి. కథ మొత్తం ఏ పాట చుట్టూ తిరుగుతుందో మొదటి పేజీలోనే రాయండి. అది లేకుండా వచ్చినవాటిని ఈ మధ్య చదవడం మానేశాం.